సీటు నడుమ పసుపు

కోవిల్‌పట్టి నుంచి ఎట్టయపురం వెళ్ళే రోడ్డు మీద, వేరుశనగ మిఠాయి కాచే ఇంటిని ఆనుకుని ఒక సీట్ల అంగడి ఉంది. పొద్దున్నుంచీ బెల్లం పాకం వాసనా, రెగ్జిన్‌కు పూసే జిగురు వాసనా ఆ వాకిట్లో కలిసి కాపురం చేస్తుంటాయి. లోపల కుట్టుమిషను ముందు కూర్చుని ఉండే మనిషి సుధాలక్ష్మి. నలభై అయిదేళ్ళుంటాయి. నోట్లో రెండు గుండుసూదులు, మెడలో టేపు. ఎవరైనా వచ్చి "ముదలాళి లేరా?" అని, అంటే యజమాని లేరా అని, తమిళంలో అడిగితే, సూదులు తీయకుండానే "నేనే, చెప్పండి" అంటుంది. వచ్చినవాళ్ళు నమ్మరు. ఇంకెవరైనా మగమనిషి ఉన్నాడేమోనని ఆమె భుజం మీదుగా లోపలికి తొంగిచూస్తారు.

నాలుగేళ్ళ క్రితం దాకా ఉండేవాడు. ఆమె భర్త రంగనాథన్. లారీలకూ వ్యాన్లకూ సీట్లు కుట్టడంలో ఆయన పేరు సాత్తూరు దాకా తెలుసు. ఒకనాటి మధ్యాహ్నం అన్నం తిని చేయి కడుక్కుంటూ గుండె పట్టుకుని కూర్చున్నాడు, మళ్ళీ లేవలేదు. పదహారో దినం కర్మ అయ్యాక బంధువులంతా ఇక అంగడికి తాళమేనని అనుకున్నారు. మర్నాడు పొద్దున సుధాలక్ష్మి వాకిలి ఊడ్చి ముగ్గు వేసి, షట్టరు ఎత్తింది. ఎవరినీ అడగలేదు. అడిగితే వద్దంటారని తెలుసు.

ఆమె పుట్టిల్లు అరుప్పుకోట్టై. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, రోజంతా మగ్గాల చప్పుడు. ఆ ఇంట్లో ఆడపిల్లలు కండెలు చుట్టాలి, గంజి కాచాలి, పడుగు పరచడానికి చేయి అందించాలి. మగ్గంలో కూర్చోవడం మాత్రం మగవాళ్ళ పని. ఎవరు పెట్టిన నియమమో ఎవరికీ తెలియదు, ఎవరూ తప్పరు. అందుకని ఆమెకు గుడ్డ గురించి తెలియనిది లేదు గాని, ఇది నేను చేసిన గుడ్డ అని చూపించుకోవడానికి ఒక్క మూరెడు కూడా లేదు. పెళ్ళయి కోవిల్‌పట్టి వచ్చాక భర్త పక్కన చేరి కత్తెర పట్టింది. ఆయన రెగ్జిన్ మనిషి, ఈమె గుడ్డ మనిషి. ఇద్దరికీ రోజూ పేచీయే. "రెగ్జిను తుడిస్తే పోతుంది, గుడ్డయితే గుర్తుంచుకుంటుంది" అనేవాడు ఆయన, గుడ్డ సీట్ల పని వచ్చినప్పుడల్లా విసుక్కుంటూ.

ఆయన పోయాక లారీలవాళ్ళు రావడం తగ్గింది. ఆడమనిషి క్యాబిన్ ఎక్కి సీటు విప్పుతుంటే వాళ్ళకే సిగ్గట. ఆమెకు లేని సిగ్గు వాళ్ళకెందుకు? కందకు లేని దురద కత్తిపీటకెందుకని మా పెద్దలు ఊరికే అన్నారా! అయినా ఆటోలు వచ్చాయి, మోటారు సైకిళ్ళు వచ్చాయి, బడి వ్యాన్లు వచ్చాయి. పని చిన్నదే, చేతికి తీరిక లేదు. సాయంత్రం షట్టరు దించి, రోజంతా కత్తిరించిన ముక్కలు ఊడుస్తున్నప్పుడు ఆమెకు మనసు చల్లగా ఉండేది. ఆ చల్లదనం కోసమే ఆమె ఆ అంగడిని పట్టుకుని ఉంది. అది పోతే తన దగ్గర ఇంకేమీ మిగలదని ఆమెకు బాగా తెలుసు.

అంగడి వెనకాలే ఇల్లు. ఇంట్లో అత్త బొమ్మక్క. ఎనభైకి దగ్గర పడింది. ఆమె కూడా మగ్గం ఇంటి మనిషే, భర్తతో పాటు నేత మానేసి ఈ ఊరు వచ్చి స్థిరపడింది. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. వీళ్ళిద్దరూ ఒకే కప్పు కింద ఉంటూ ఆ రెండు పేర్లూ తెచ్చుకున్నారు. పెద్ద మాటలు లేవు, పెద్ద ముద్దులూ లేవు. కోడలు సీటు కుడుతుంటే అత్త కింద కూర్చుని కొబ్బరి పీచు విడదీసేది. ఇంటికి కొత్త గుడ్డ ఏది వచ్చినా, చీరైనా తువ్వాలైనా దిండు గలీబైనా, ఒక మూలకు పసుపు పెట్టందే ఆమె ఎవరినీ తాకనిచ్చేది కాదు.

అంగడి ఉన్న స్థలం బొమ్మక్క పేరు మీద ఉంది. చిక్కంతా అక్కడే. చిన్నకొడుకు పాండియరాజన్ విరుదునగరులో ఒక మిరప మండీలో మేస్త్రీ. చెడ్డవాడు కాదు, వదినంటే మర్యాద ఉన్నవాడు. కాని వాడు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. వచ్చినప్పుడల్లా అదే మాట.

"వదినె లారీ కింద దూరేది నాకు చూడ చాల్లేదు అమ్మా. సెల్‌ఫోను అంగిడి పెట్టేవాడు ఒకడు స్తలం అడగతాడు. ఇచ్చేసి మీరిద్దరూ నా ఇంటికి వచ్చేయండి. వదినె ఇంట్లోనే రవికెలు కుట్టుకోవచ్చు గదా."

బొమ్మక్క "చూద్దాం" అనేది. అంతకు మించి ఒక్క మాట ఉండేది కాదు. ఆ "చూద్దాం" ఎటు చూస్తోందో సుధాలక్ష్మికి ఎన్నడూ అర్థం కాలేదు. అడగడానికి నోరు రాలేదు. స్థలం అత్తది, కొడుకు అత్త కొడుకు. మధ్యలో తను ఎవరు?

ఈ ఏడు ఎండలు ముదిరే పంగుణి నెలలో పాండియరాజన్ ఒక కబురు పట్టుకొచ్చాడు. అతని ముదలాళి దొరైసామిగారి దగ్గర ఒక పాత స్పోర్ట్స్ కారు ఉంది. ఇంగ్లండులో తయారైనది, రెండే తలుపులు, రెండే సీట్లు. నేలకు అతుక్కుపోయినట్టుండే దాన్ని విరుదునగరు పిల్లలు కప్పకారు అంటారు. యాభై ఏళ్ళ నాటిది. మదురైలో పాత కార్లన్నీ ఒకచోట చేరే ఆదివారం రాబోతోంది, దానికి తీసుకుపోవాలని ఆయన పట్టుదల. ఇంజను బాగుచేయించారు, రంగు వేయించారు. లోపలి సీట్ల గుడ్డ మాత్రం చూడలేనట్టుంది.

"మదురైలో అడిగితే గుడ్డంతా పీకేసి లెదరు వేస్తామన్నారంట. ఆయన ఒప్పుకోలే. మొదలు ఎట్ల ఉండెనో అట్లనే గుడ్డ కావల్లనంట. నేను నీ పేరు చెప్పినాను వదినె" అన్నాడు పాండియరాజన్. తరవాత తల్లి వైపు తిరిగి, "ఈ పని బాగొస్తే నేను ఇంక అంగిడి మాట ఎత్తను. రాకుంటే చెప్పేది మీరు వినల్ల. సరియా?" అన్నాడు.

బొమ్మక్క ఎప్పటిలాగే "చూద్దాం" అంది. సుధాలక్ష్మి నోట్లోంచి సూదులు తీసి "సరి" అంది.

సీట్లు విప్పి మినీవ్యానులో వేసుకొచ్చి దించారు. చూడగానే సుధాలక్ష్మికి నవ్వొచ్చింది. విషయం ఏమిటంటే, దొరైసామిగారు కుర్రతనంలో ఆ కారును ముచ్చటపడి కొన్నారు గాని వ్యాపారి బుద్ధి ఎక్కడికి పోతుంది? పక్కసీట్లో మిరపకాయల శాంపిలు సంచీ పెట్టుకుని మండీలన్నీ తిరిగారు. ఒకసారి నువ్వులనూనె డబ్బా పెట్టుకున్నారు, అది మలుపులో పడుకుంది. కొత్తలో భార్య వేలమ్మాళ్‌ను ఎక్కించుకుని బయలుదేరితే ఆమె సాత్తూరు దాకా తుమ్ముతూనే ఉందట. సాత్తూరులో దిగిపోయి బస్సెక్కి ఇంటికి వచ్చేసింది. ఆనాటి నుంచి ఆ కారు గుమ్మం తొక్కలేదు. ఈ ఆదివారం ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని మదురై పోవాలని ఆయన కోరిక. ఆమె "చూస్తాను, సీటు చూసి చెప్తాను" అందట.

మీగడ రంగు గుడ్డ, సన్నని గీతలు నేసినది. ఇప్పుడు దాని మీద ఎర్రదుమ్ము, నూనె మరకలు, వాననీళ్ళ చారలు ఒకదాని మీద ఒకటి పడి, ఏ రంగూ కాని రంగు అయ్యింది. సుధాలక్ష్మి వీధిలో పెట్టి బెత్తంతో ఒక్కటి కొట్టేసరికి మిఠాయి ఇంటివాళ్ళు తుమ్ముతూ బయటికొచ్చారు.

"ఏమక్కా, సీటు కుడతావా, మిరపకాయలు దంచుతావా?" అన్నాడు మిఠాయి కాచే పొన్నయ్య, ముక్కు మూసుకుని.

"రెండూనన్నా. కొంచెం ఓర్చుకోండి" అంది ఆమె.

డ్రైవరు సీటు గుడ్డలో ఇంకా సత్తువ ఉంది. నూనె ఉన్నచోట సుద్దపొడి మందంగా చల్లి, ఎండలో పెట్టి, పొడి నూనెను పీల్చుకున్నాక దులిపి, మళ్ళీ చల్లింది. కుంకుడుకాయ నానబెట్టి చిలికి, నీళ్ళు కాదు, పైన తేలిన నురగ మాత్రం తీసి మెత్తని బ్రష్షుతో పట్టించింది. నీళ్ళు దిగితే లోపలి స్పాంజి తడిసి కంపు కొడుతుంది. అలా ఓపికగా చేస్తూ పోతే గుడ్డ మెల్లగా తన ముఖం తాను కడుక్కున్నట్టు తేటపడింది. పక్కసీటు మాట వేరు. చేయి పెడితే గుడ్డ పాత అప్పడంలా విరిగింది. అది మార్చాల్సిందే.

అలాంటి గుడ్డ ఏ కొట్లో దొరుకుతుంది? పాత గుడ్డలో బాగున్న ముక్క ఒకటి కత్తిరించుకుని అరుప్పుకోట్టై బస్సెక్కింది. తమ్ముడు రమేష్‌బాబుకు పవర్‌లూములు ఉన్నాయి. ముక్క చూసి తల గోక్కున్నాడు.

"దీనికని పడుగు వేయల్లంటే ఎట్లక్కా? ఒక సీటు గుడ్డకి ఎవురు పడుగు వేస్తారు?"

"పాత పడుగు ఏమైనా మిగిలుండాదా చూడు."

దుప్పట్లు నేసిన మగ్గం మీద కొంచెం పడుగు మిగిలి ఉంది. నూలు లావు సరిపోయింది. గీత ఎంత దూరంలో పడాలో పక్కన నిలబడి చెప్పింది. రెండుసార్లు ఆపించి విప్పించింది. తమ్ముడు విసుక్కున్నాడు గాని నేశాడు. ఒక సీటుకు సరిగ్గా చాలే గుడ్డ వచ్చింది. అంతటితో పడుగు అయిపోయింది. ఇంకో జానెడు కావాలన్నా లేదు.

గుడ్డ ఇంటికి రాగానే బొమ్మక్క అలవాటు ప్రకారం ఒక మూలకు పసుపు పెట్టింది. మూల ఎలాగూ సీటు అడుక్కు పోతుంది.

ఆ పైన కొలత, కత్తిరింపు, కుట్టు. తొందరపడలేదు. స్పాంజి మీద గుడ్డ తొడిగి, గీతలన్నీ నిటారుగా వచ్చేదాకా లాగి, దబ్బనంతో అడుగున బిగించింది. గురువారం మధ్యాహ్నానికి రెండు సీట్లూ పక్కపక్కన నిలబడ్డాయి. ఏది పాతదో ఏది కొత్తదో ఆమెకే ఒక క్షణం తెలియలేదు. గర్వపడింది, పడకూడదా? పొన్నయ్య వచ్చి చూసి, చేతిలో ఉన్న మిఠాయి ముక్క ఆమెకిచ్చి వెళ్ళాడు. వ్యాను మాట్లాడి వద్దామని సుధాలక్ష్మి స్టాండు దాకా వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి కొత్త సీటు ముందు బొమ్మక్క నిలబడి ఉంది. ఎడమచేతిలో పసుపు గిన్నె. ఆనుకునే భాగం సరిగ్గా నడిమధ్యలో, మీగడ రంగు గుడ్డ మీద, బొటనవేలంత తడి పసుపు.

సుధాలక్ష్మి పరుగున వచ్చి సీటు మీదికి వంగింది.

"ఏమి చేసినావు అత్తా? మూలకి పెట్టినావు గదా మొన్ననే! మరిచిపోయినావా? నీకు బుద్ది పోయిందా?"

ఇన్నేళ్ళ కాపురంలో అత్తను అంత మాట అనడం అదే మొదలు. వీధి దాకా వినబడింది. బొమ్మక్క ఏదో చెప్పబోయింది. నోరు తెరిచింది. సుధాలక్ష్మి ఆగలేదు. లోపలికి పరిగెత్తింది, బట్టలుతికే సబ్బుబిళ్ళ అందింది, తడి గుడ్డతో దాన్ని తెచ్చి రుద్దేసింది.

పసుపు ఎర్రబడింది.

కుంకుడు నురగ పెట్టి ఉంటే ఏమీ అయ్యేది కాదు. పసుపులో సున్నం కలిపితే ఎరుపు అవుతుందనీ, ఆరతి నీళ్ళు అలాగే చేస్తారనీ, ఉతుకుడు సబ్బు చేసేదీ అదేననీ ఇంటి ఆడమనిషిగా ఆమెకు తెలియనిది కాదు. పసుపు మరకను సబ్బుతో తాకొద్దని ఎంతమంది పిల్లలకు తనే చెప్పింది! కాని భయం ముందు చేయి నడుస్తుంది, బుద్ధి వెనకాల కుంటుతూ వస్తుంది. బొటనవేలంత ఉన్నది అరచేయంత ఆరతి నీళ్ళ మరక అయ్యి కూర్చుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు సబ్బు దూరంగా విసిరేసి, అక్కడే నేల మీద కూలబడింది.

కొంతసేపటికి తలెత్తి చూస్తే బొమ్మక్క లేదు. వెనక మెట్టు మీద కూర్చుని కొబ్బరి పీచు విడదీస్తోంది. గిన్నె కడిగి బోర్లించి ఉంది.

ముసలితనంలో మతి తప్పుతోందని సుధాలక్ష్మి అనుకుంది. పెట్టిన సంగతి మరిచిపోయి మళ్ళీ పెట్టింది, మూల కనబడక మధ్యలో పెట్టింది. పాపం. కాని పాపం అనుకోవడం మనసులోనే ఉండిపోయింది. నోటితో ఒక మంచి మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. అన్న మాటకు సిగ్గుపడుతూ, ఆ సిగ్గువల్లే అత్త ముఖం చూడలేకపోయింది. ఎందుకు పెట్టావని మాత్రం అడగలేదు.

నిమ్మకాయ రసం పిండి అద్దితే ఎరుపు తగ్గి మళ్ళీ పసుపుకు వచ్చింది. తరవాత కుంకుడు నురగ. ఇక మిగిలింది ఎండ. పసుపును ఎండ తిన్నట్టు ఏ మందూ తినదు. సీటును మిద్దె మీదికి ఎక్కించి, సూర్యుడు ఎటు తిరిగితే అటు తిప్పింది. తడి గుడ్డతో అద్దడం, ఎండబెట్టడం, మళ్ళీ అద్దడం. నేలంతా నల్లరేగడి ఉన్న ఊళ్ళో పంగుణి ఎండ ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? అరికాళ్ళు కాలుతుంటే చాప ముక్క వేసుకుని నిలబడింది. శుక్రవారం, శనివారం అంగడి తెరవలేదు. ఎండ ఒక్కో పూటకు మరకను కొంచెం కొంచెంగా తీసుకుపోయింది.

బొమ్మక్క వేళకు మజ్జిగ తెచ్చి మిద్దె మెట్ల మీద పెట్టి దిగిపోయేది. అలిగిందా, బాధపడిందా, ఆ ముఖంలో ఏమీ తెలిసేది కాదు. సుధాలక్ష్మి మజ్జిగ తాగుతూ రెండు దిక్కులా భయపడింది. మరక పోకుంటే అంగడి పోతుంది. మరక పోయినా, అత్తను అన్న మాట ఎలా పోతుంది?

శనివారం సాయంత్రానికి మరక అనదగ్గది లేదు. తెలిసినవాళ్ళు వంగి చూస్తే ఒక లేత నీడ ఉంది, అంతే. పాండియరాజన్ ఫోను చేశాడు. "అమ్మను కూడా పిలుచుకొని రా వదినె. ముదలాళి చూసినాక అంగిడి సంగతి ఈ తూరి తేల్చేస్తాము" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే విరుదునగరు. దొరైసామిగారివి ఒట్టపిడారం వైపు భూములు, వాళ్ళదీ తెలుగు మాట్లాడే ఇల్లే. వాకిట్లో కప్పకారు మెరుస్తోంది. మెకానిక్కు సీట్లు బిగించాడు. దొరైసామిగారు కళ్ళజోడు మార్చుకుని, ముందు డ్రైవరు సీటు తడిమి చూశారు.

"ఇది పాత గుడ్డేనా?" అన్నారు నమ్మలేనట్టు.

"అదేనయ్యా. కడిగినాను, అంతే."

ఆయన ముఖం విచ్చుకుంది. అటు తిరిగి పక్కసీటు చూశారు. గీతల మీద వేలు పోనిచ్చారు. వేలు నడుమకు వచ్చి ఆగింది.

"ఇదేమి, నీడ మాదిరి?"

పాండియరాజన్ గబగబా ముందుకొచ్చాడు. "ఏమీ లేదు ముదలాళి, ఒక తెల్ల తువ్వాల వేస్తే..."

"పసుపయ్యా" అంది సుధాలక్ష్మి. తువ్వాల వేసి దాచడం ఆమెకు చేతకాలేదు. "మా అత్త పెట్టింది. ఊరికే ఎండలో పెట్టింటే పోయుండు. నేను బయపడి సబ్బు రుద్ది పెద్దది చేసినాను. తప్పు నాదే. ఇంకో నాలుగు ఎండలు తగిలితే పూర్తిగ పోతుంది."

"వేరే గుడ్డ వేయగూడదా?"

"ఆ పడుగు అయిపోయిందయ్యా."

యాభై ఏళ్ళ తరవాత భార్యను ఎక్కించుకునే సీటు అది. అసంతృప్తి దాచుకోవడం దొరైసామిగారికి చేతకాదు. పెదవి విరిచి, మళ్ళీ వంగి చూశారు. సుధాలక్ష్మి చేతులు కొంగులో చుట్టుకుంది. అంగడి షట్టరు ఆఖరుసారి దిగుతున్న చప్పుడు చెవిలో వినబడినట్టే అయింది.

పాండియరాజన్ తల్లి వైపు తిరిగాడు. గొంతు తగ్గించే మాట్లాడాడు. "చూసితివా అమ్మా? వదినె కష్టపడలేదని నేను చెప్పలే. ఇది తన వల్ల అయ్యే పని కాదు."

అప్పుడే వేలమ్మాళ్ లోపలినుంచి వచ్చింది. పట్టుచీర కట్టి, మదురై ప్రయాణానికి సిద్ధమై ఉంది. విషయం విని, సీటు చూసి, బొమ్మక్క దగ్గరికి వచ్చి చేయి పట్టుకుంది.

"ఏంటికమ్మా నడుమన పెట్టితిరి? మనము మూలకి గదా పెడతాము?"

ఎవరూ అడగని ప్రశ్న. అడిగినందుకు బొమ్మక్క ఆమె వైపు కొంచెంసేపు చూసింది.

"మూలకి పెట్టేది గుడ్డకి. అది మొదలే పెట్టినాను" అంది. "నడుమ పెట్టేది చేతికి. మా ఇంట్లో మగ్గంలో ఒకడు తానే కూర్చోని, తానే నేసి, మొదటి గుడ్డ కోస్తే ఇంటి పెద్ద దాని నడుమన పసుపు పెట్టల్ల. పెట్టితే మగ్గం ఆ చేతిది. దాని పైన ఇంక ఎవురూ అడగకూడదు. మా మామ పెట్టితే ఇంటాయనకి మగ్గం వచ్చె. మా పెద్దకొడుకు రంగను మొదటి లారీ సీటు కుట్టిన దినం నేను పెట్టితిని. అది రెగ్జిను, లారీ ఆయన తిట్టుకుంటా తుడిచేసె." ఆగి ఊపిరి తీసుకుంది. "ఇంతవరకు సుదా కుట్టినవన్నీ కొట్టులో కొన్న రెగ్జిను. ఈ సీటు గుడ్డ నేయించేది మొదలు కడ దాకా తానొక్కతే చూసి చేసింది. అందుకే పెట్టితిని."

తరవాత కొడుకు వైపు తిరిగింది. "నువ్వు ఇన్నాళ్ళుగా అడగతావు గదరా, అంగిడి ఏమి చేస్తావని. నేను చూద్దాం చూద్దామంటిని. చూసినాను. బదులు గురువారమే ఇచ్చేసినాను."

పెద్దవాళ్ళు ఒకసారి పసుపు పెట్టాక దాని మీద మాట్లాడే ధైర్యం ఆ ఇంట్లో పుట్టినవాడికి లేదు. పాండియరాజన్ తల గోక్కుని, "నాకు ముందే తెలిసుంటే నేను నోరెత్తుంటానా అమ్మా" అన్నాడు నెమ్మదిగా.

వేలమ్మాళ్ కారు తలుపు తెరిచింది. చీర సర్దుకుని, నిలువునా కిందికి దిగినట్టు ఆ సీట్లో కూర్చుని, వెనక్కి ఆనుకుంది. ముక్కు ఎగబీల్చి చూసింది. తుమ్ము రాలేదు.

"నేను ఆనుకుంటే నీడ ఎవురికి కనిపిస్తుంది? ఎక్కండి మీరు, పొద్దు పోతా ఉండాది" అంది భర్తతో.

దొరైసామిగారు నవ్వాపుకోలేకపోయారు. ఎక్కబోతూ సుధాలక్ష్మితో "మా అల్లుడి దగ్గర పాత ఫియట్టు ఒకటి ఉండాదమ్మా. పంపిస్తాను" అన్నారు. కప్పకారు ఒక దగ్గు దగ్గి, వాకిలి దాటి మదురై రోడ్డు పట్టింది. పాండియరాజన్ గేటు మూయడానికి వెళ్ళాడు.

వాకిట్లో అత్తాకోడళ్ళే మిగిలారు. సుధాలక్ష్మికి కళ్ళనిండా నీళ్ళు. గురువారం నుంచి అడగనిది ఇప్పుడు అడిగింది.

"ఒక మాట చెప్పుండగూడదా అత్తా? చెప్పింటే నేను అట్ల అనుంటానా? దాన్ని ముట్టుంటానా?"

"చెప్పబోతిని గదే" అంది బొమ్మక్క. కోపం లేదు, నిష్ఠూరం లేదు. ఉన్నమాట చెబుతున్నట్టే చెప్పింది. "నోరు తెరిచితిని. అంతలో నువ్వు సబ్బు తెస్తివి."

సుధాలక్ష్మి అత్త భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. అరికాళ్ళు కాల్చుకుంటూ, నిమ్మకాయలు పిండుతూ, సూర్యుడి వెంట సీటు తిప్పుతూ, ఆమె తన చేత్తో తాను చెరిపింది తన అంగడినే. ఇంకో నాలుగు ఎండలకు ఆ నీడ కూడా ఉండదు. ఉంటే బాగుండునని ఆమెకు ఎంతగానో అనిపించింది.